బర్డ్‌లైఫ్ ఇంటర్నేషనల్

బర్డ్‌లైఫ్ ఇంటర్నేషనల్ ప్రపంచమంతటా పక్షుల స్థితిగతులను పరిశీలిస్తూ, పక్షుల సంరక్షణకూ, వాటి ఆవాసాల పరిరక్షణకూ కృషి చేస్తున్న అంతర్జాతీయ సంస్థ. ఇది 1922లో లండను నగరంలో ఏర్పడినది. 1993లో దీనికి ప్రస్తుత నామం వచ్చినది. ప్రధాన కార్యాలయం ఇంగ్లాండులోని కేంబ్రిడ్జి నగరంలో ఉన్నది. వివిధ దేశాలకు చెందిన ప్రకృతి సంరక్షణ సంఘాలు భాగస్వాములుగా చేరి ఏర్పరచుకున్న సమాఖ్య ఇది. భారతదేశం నుండి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ ఇందులో భాగస్వామి.

ఏ పక్షిజాతి క్షేమంగా ఉన్నది, ఏ జాతి అంతరించే దశకు చేరినది అనే విషయాన్ని అంచనా వేసి ఐ.యు.సి.ఎన్. రెడ్ లిస్టుకు అందజేసే అధికారిక బాధ్యత ఈ సంస్థదే. అందువలన దీని నాయకత్వంలో వచ్చే మార్పులు కేవలం ఒక కార్యాలయానికి సంబంధించిన విషయాలు కావు. ఏ పక్షికి ముందుగా సహాయం అందాలి, ఏ ప్రభుత్వానికి ఏ హెచ్చరిక చేరాలి అనే నిర్ణయాలపై వాటి ప్రభావం ఉంటుంది. 2023లో మార్టిన్ హార్పర్ ఈ సంస్థ ముఖ్య కార్యనిర్వహణాధికారిగా బాధ్యతలు చేపట్టాడు.

స్థాపన

పంతొమ్మిదవ శతాబ్దం చివరి భాగంలోనూ, ఇరవయ్యవ శతాబ్దం తొలి సంవత్సరాలలోనూ ఐరోపా, అమెరికా దేశాలలో స్త్రీల టోపీలను పక్షి ఈకలతో అలంకరించుకోవడం గొప్ప వేడుకగా ఉండేది. ఈ ఈకల కోసం కొంగలు, స్వర్గపక్షులు మొదలైన వాటిని లక్షల సంఖ్యలో వేటాడేవారు. కొంగలకు ఈ అందమైన ఈకలు గూడు కట్టే కాలంలోనే వస్తాయి. కాబట్టి తల్లి పక్షులను చంపినపుడు గూళ్ళలోని పిల్లలు కూడా ఆకలితో మరణించేవి. దీనికి వ్యతిరేకంగా పలు దేశాలలో ఉద్యమాలు నడిచాయి. బ్రిటనులో 1921లో ఈకల దిగుమతిని నిషేధిస్తూ చట్టం వచ్చినది.

అయితే వలస పక్షులకు దేశాల సరిహద్దులు లేవు. ఒక దేశం రక్షించిన పక్షిని పొరుగు దేశం వేటాడితే చట్టం నిష్ఫలమవుతుంది. ఈ కారణంగానే 1916లో అమెరికా సంయుక్త రాష్ట్రాలు, కెనడా తరఫున బ్రిటను వలస పక్షుల రక్షణకై ఒప్పందం చేసుకున్నాయి. ఇదే ఆలోచనను ప్రపంచ స్థాయికి విస్తరించే ఉద్దేశంతో 1922 జూన్ 20న లండనులో వివిధ దేశాల ప్రతినిధులు సమావేశమై ఒక అంతర్జాతీయ కమిటీని ఏర్పరిచారు. దీనికి మూలపురుషులు అమెరికాకు చెందిన టి. గిల్బర్ట్ పియర్సన్, ఫ్రాన్సుకు చెందిన పక్షి శాస్త్రవేత్త జీన్ డెలాకూర్. ఈ కమిటీకి 1960లో అంతర్జాతీయ పక్షి సంరక్షణ మండలి అనే పేరు స్థిరపడినది. దీనినే ఆంగ్ల అక్షరాలలో ఐ.సి.బి.పి. అని వ్యవహరించేవారు. ప్రపంచ స్థాయిలో ప్రకృతి సంరక్షణకై ఏర్పడిన అత్యంత ప్రాచీన సంస్థలలో ఇది ఒకటి. ఐ.యు.సి.ఎన్. దీని తరువాత 26 సంవత్సరాలకు, అనగా 1948లో ఏర్పడినది.

నిర్మాణం

బర్డ్‌లైఫ్ నిర్మాణం మూడు అంచెలుగా ఉంటుంది. మొదటిది భాగస్వామ్య సంఘాలు. సాధారణంగా ఒక్కొక్క దేశానికి ఒక్కొక్క సంఘం ప్రాతినిధ్యం వహిస్తుంది. క్షేత్రంలో పక్షులను లెక్కించడం, స్థానిక ప్రజలతో పని చేయడం, తమ ప్రభుత్వాలతో సంప్రదించడం ఈ సంఘాల పని. రెండవది ప్రపంచ మండలి. భాగస్వామ్య సంఘాలు తమ ప్రతినిధులను ఈ మండలికి ఎన్నుకుంటాయి. మూడవది సచివాలయం. ముఖ్య కార్యనిర్వహణాధికారి ఈ సచివాలయానికి అధిపతి. కేంబ్రిడ్జిలోని డేవిడ్ అటెన్‌బరో భవనంలో సచివాలయం ఉన్నది. ఆఫ్రికా, అమెరికా ఖండాలు, ఆసియా, ఐరోపా మరియు మధ్య ఆసియా, మధ్య ప్రాచ్యం, పసిఫిక్ అనే ప్రాంతీయ విభాగాల ద్వారా పనులు సాగుతాయి.

ఈ ఏర్పాటు వలన ముఖ్య కార్యనిర్వహణాధికారి స్థానం ప్రత్యేకమైనది. ఒక కంపెనీ అధిపతి వలె అతడు భాగస్వాములను ఆదేశించలేడు. ఒక్కొక్క సంఘానికి తన సభ్యులు, తన నిధులు, తన దేశ చట్టాలు ఉంటాయి. వాటిని ఒప్పించి ఒకే మార్గంలో నడిపించడమే నాయకుని పని.

నాయకత్వ పరంపర

తొలి అధ్యక్షులు

సంస్థ తొలి అధ్యక్షుడు పియర్సన్ 1922 నుండి 1938 వరకు ఆ పదవిలో ఉన్నాడు. ఆ కాలంలోనే అతడు అమెరికాలోని ఆడుబాన్ సంఘాల జాతీయ సమాఖ్యకు కూడా నాయకత్వం వహించాడు. అతని తరువాత డెలాకూర్ 1958 వరకు అధ్యక్షుడుగా ఉన్నాడు. రెండవ ప్రపంచ యుద్ధం ఈ కాలంలోనే వచ్చినది.

1958 నుండి 1982 వరకు అధ్యక్షుడుగా ఉన్న ఎస్. డిల్లన్ రిప్లీ భారతీయ పక్షి శాస్త్రానికి సుపరిచితుడు. ఇతడు వాషింగ్టనులోని స్మిత్‌సోనియన్ సంస్థకు 1964 నుండి 1984 వరకు కార్యదర్శి. సలీం అలీతో కలిసి భారత, పాకిస్తాన్ పక్షుల గురించి పది సంపుటాల గ్రంథాన్ని రచించాడు. ఈ సంపుటాలు 1968 నుండి 1974 వరకు వెలువడ్డాయి.

ఈ దశలో రోజువారీ కార్యభారాన్ని మోసినది ఫిలిస్ బార్క్‌లే-స్మిత్. 1935లో సంస్థలో చేరిన ఈమె నాలుగు దశాబ్దాలకు పైగా పని చేసినది. సముద్ర జలాలలో చమురు కాలుష్యం వలన పక్షులకు కలిగే హాని గురించి అంతర్జాతీయంగా ప్రచారం చేసిన తొలితరం వారిలో ఈమె ఒకరు.

1968లో సంస్థ ఒక సాహసోపేతమైన నిర్ణయం తీసుకున్నది. హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దీవులలో కజిన్ అనే చిన్న దీవిని కొనుగోలు చేసినది. సీషెల్స్ వార్‌బ్లర్ అనే చిన్న పక్షి అప్పటికి ఆ ఒక్క దీవిలోనే, 30 లోపు సంఖ్యలో మిగిలి ఉన్నది. కొబ్బరి తోటల స్థానంలో సహజ వృక్షాలను తిరిగి పెరగనివ్వడం వలన వాటి సంఖ్య పెరిగినది. తరువాత కొన్ని పక్షులను ఇతర దీవులకు తరలించారు. ప్రస్తుతం ఈ జాతి పలు దీవులలో వేల సంఖ్యలో ఉన్నది.

ఇంబోడెన్ కాలం: మండలి నుండి సమాఖ్యకు

1980లో స్విట్జర్లాండుకు చెందిన క్రిస్టోఫ్ ఇంబోడెన్ సంస్థ డైరెక్టరుగా నియమితుడయ్యాడు. 1996 వరకు అతడు బాధ్యతలు నిర్వహించాడు. అప్పటి వరకు ఐ.సి.బి.పి. ముఖ్యంగా శాస్త్రవేత్తల సలహా మండలిగా ఉండేది. దాని జాతీయ శాఖలకు సభ్యులు గాని, నిధులు గాని పెద్దగా ఉండేవి కావు. ఇంబోడెన్ కాలంలో సచివాలయం విస్తరించినది. 1993లో జాతీయ శాఖల పద్ధతికి బదులు, ప్రజా సభ్యత్వం గల సంఘాలను భాగస్వాములుగా చేర్చుకునే పద్ధతి వచ్చినది. సంస్థ పేరు కూడా బర్డ్‌లైఫ్ ఇంటర్నేషనల్‌గా మారినది. సంస్థ చరిత్రలో ఇది అతి ముఖ్యమైన మలుపు.

రాండ్స్, లాంబర్టిని

1996 నుండి 2009 వరకు మైకేల్ రాండ్స్ ముఖ్య కార్యనిర్వహణాధికారిగా ఉన్నాడు. ఈ కాలంలో చేపట్టిన కార్యక్రమాలలో అల్బట్రాస్ పక్షుల రక్షణ దళం పేర్కొనదగినది. పొడవైన గాలపు తాళ్ళతో చేపలు పట్టే నౌకల వెనుక ఎరకై వచ్చి అల్బట్రాస్‌లు గాలాలకు చిక్కి మునిగిపోతుంటాయి. రంగు పేలికలు కట్టిన తాళ్ళను నౌక వెనుక వ్రేలాడదీస్తే పక్షులు బెదిరి దూరంగా ఉంటాయి. శిక్షణ పొందిన కార్యకర్తలు నౌకలలో ప్రయాణించి, జాలరులకు ఈ పద్ధతిని నేర్పారు. నమీబియా దేశపు గాలపు నౌకలలో ఈ పద్ధతి వలన పక్షి మరణాలు 98 శాతం తగ్గినవి.

2009లో ఇటలీకి చెందిన మార్కో లాంబర్టిని ఈ పదవిలోకి వచ్చాడు. 2014లో అతడు డబ్ల్యు.డబ్ల్యు.ఎఫ్. ఇంటర్నేషనల్ అధిపతిగా వెళ్ళినందున, ఆఫ్రికాకు చెందిన హేజెల్ థాంప్సన్ తాత్కాలికంగా బాధ్యతలు నిర్వహించాడు.

జురిటా, హార్పర్

2015లో ఈక్వడార్ దేశానికి చెందిన పాట్రీషియా జురిటా ముఖ్య కార్యనిర్వహణాధికారిణి అయినది. ఎక్కువగా ఐరోపా వారే నడుపుతూ వచ్చిన సచివాలయానికి, పక్షి వైవిధ్యం అత్యధికంగా ఉన్న దక్షిణ అమెరికా నుండి నాయకురాలు రావడం విశేషం. ఆరోగ్యకరమైన పర్యావరణాన్ని మానవ హక్కుగా గుర్తించవలెనని 2020లో సంస్థ ఐక్యరాజ్య సమితిని కోరినది. 2022 జూలైలో ఐక్యరాజ్య సమితి సాధారణ సభ ఈ హక్కును గుర్తిస్తూ తీర్మానం చేసినది. అదే సంవత్సరం సెప్టెంబరులో సంస్థ శత వార్షికోత్సవ మహాసభ కేంబ్రిడ్జిలో జరిగినది.

జురిటా అనంతరం 2023లో మార్టిన్ హార్పర్ బాధ్యతలు స్వీకరించాడు. బ్రిటనులోని బర్డ్‌లైఫ్ భాగస్వామి అయిన రాయల్ సొసైటీ ఫర్ ద ప్రొటెక్షన్ ఆఫ్ బర్డ్స్‌లో ఇతడు చాలాకాలం సంరక్షణ విభాగానికి అధిపతిగా ఉన్నాడు. తరువాత బర్డ్‌లైఫ్ ఐరోపా, మధ్య ఆసియా విభాగంలో పని చేశాడు. కనుక ఇతడు భాగస్వామ్య సంఘాల పని తీరునూ, సచివాలయ వ్యవహారాలనూ రెంటినీ ఎరిగిన వ్యక్తి.

పక్షుల పరిశీలన

రెడ్ లిస్టు

పక్షుల రెడ్ లిస్టు తయారీకి బర్డ్‌లైఫ్ అధికారిక సంస్థ. పక్షుల గురించి తొలి రెడ్ డేటా పుస్తకాన్ని 1966లో జాక్ విన్సెంట్ సంకలనం చేశాడు. ప్రపంచంలోని పక్షి జాతులన్నింటినీ పరిశీలించిన తొలి సమగ్ర అంచనా 1988లో వెలువడినది.

ఒక జాతిని ఏ వర్గంలో చేర్చాలి అనేది వ్యక్తుల అభిప్రాయంపై గాక, ముందుగా నిర్ణయించిన కొలమానాలపై ఆధారపడి ఉంటుంది. ఉదాహరణకు, ఒక జాతి సంఖ్య పది సంవత్సరాలలో గాని, మూడు తరాలలో గాని (వీటిలో ఏది ఎక్కువ కాలమైతే అది) 30 శాతం తగ్గితే, దానికి కారణాలు ఇంకా కొనసాగుతుంటే, ఆ జాతి ముప్పునకు లోనైనదిగా పరిగణింపబడుతుంది. తగ్గుదల 50 శాతమైతే అంతరించే ప్రమాదంలో ఉన్నట్లు, 80 శాతమైతే తీవ్ర ప్రమాదంలో ఉన్నట్లు లెక్క. జాతి నివసించే ప్రదేశం వైశాల్యం, మిగిలిన పక్షుల సంఖ్య మొదలైనవి ఇతర కొలమానాలు.

ముఖ్య పక్షి ప్రాంతాలు

పక్షులకు అత్యంత ముఖ్యమైన ప్రదేశాలను గుర్తించే కార్యక్రమం ఐరోపాలో 1980 దశకంలో మొదలై, తరువాత ప్రపంచమంతటా విస్తరించినది. ఒక ప్రదేశం ఈ క్రింది కారణాలలో ఏ ఒక్కదాని వలననైనా ఎంపిక కావచ్చును.

* ప్రపంచ స్థాయిలో ప్రమాదంలో ఉన్న పక్షి అక్కడ క్రమం తప్పకుండా కనిపించడం.
* 50,000 చదరపు కిలోమీటర్ల కంటే తక్కువ వైశాల్యానికి పరిమితమైన జాతులు అక్కడ ఉండడం.
* ఒక విశిష్టమైన వాతావరణ మండలానికే పరిమితమైన జాతుల సముదాయం అక్కడ ఉండడం.
* ఒక జాతి పక్షులలో కనీసం ఒక శాతం అక్కడ గుమికూడడం.

ఇప్పటికి ప్రపంచంలో 13,000లకు పైగా ప్రదేశాలు ఈ విధంగా గుర్తింపు పొందాయి. భారతదేశంలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ 2004లో ప్రచురించిన గ్రంథంలో 466 ప్రదేశాలు ఉండగా, 2016లో వెలువడిన రెండవ కూర్పులో 554 ప్రదేశాలు ఉన్నాయి. ఈ గుర్తింపు వలన చట్టబద్ధమైన రక్షణ దానంతటదే లభించదు. అయితే ప్రభుత్వాలు అభయారణ్యాలను ప్రకటించేటపుడు, కర్మాగారాలకు, రహదారులకు అనుమతులు ఇచ్చేటపుడు ఇది శాస్త్రీయ ఆధారంగా ఉపయోగపడుతుంది.

సాధారణ పక్షుల లెక్కింపు

అరుదైన పక్షులనే గాక, నిత్యం కనిపించే పక్షులను కూడా లెక్కించడం అవసరం. వేల సంఖ్యలో ఉన్న జాతి క్రమంగా తగ్గుతున్నపుడు ఆ మార్పు కంటికి ఆనదు. ఐరోపాలో 2002 నుండి సాధారణ పక్షుల పరిశీలన పథకం నడుస్తున్నది. స్వచ్ఛంద కార్యకర్తలు ఏటా అదే కాలంలో, అదే ప్రదేశంలో, అదే పద్ధతిలో పక్షులను లెక్కిస్తారు. ఇలా పద్ధతి మారకుండా ఉన్నపుడే ఒక సంవత్సరపు లెక్కను మరొక సంవత్సరపు లెక్కతో పోల్చడం సాధ్యమవుతుంది. వ్యవసాయ భూములలో నివసించే పక్షులు ఐరోపాలో భారీగా తగ్గిన సంగతి ఈ లెక్కల ద్వారానే వెల్లడి అయినది.

రాబందుల ఉదంతం

పరిశీలన ఎందుకు అవసరమో తెలుపడానికి భారతదేశంలోని రాబందులు మంచి ఉదాహరణ. 1980 దశకం వరకు రాబందులు ఎంత సామాన్యమైన పక్షులంటే, వాటిని లెక్కించాలనే ఆలోచన కూడా చాలామందికి కలుగలేదు. రాజస్థాన్‌లోని కేవలదేవ్ జాతీయ ఉద్యానవనంలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్త విభు ప్రకాష్ చేసిన లెక్కల వలన 1990 దశకంలో వాటి పతనం బయటపడినది. 1992 నుండి 2007 లోపల భారతదేశంలో తెల్లవీపు రాబందుల సంఖ్య 99.9 శాతం తగ్గినది. మరి రెండు జాతులు సుమారు 97 శాతం తగ్గాయి.

దీనికి కారణం పశువులకు నొప్పి తగ్గడానికి వాడే డైక్లోఫెనాక్ అనే ఔషధమని 2004లో పాకిస్తాన్‌లో జరిగిన పరిశోధన నిరూపించినది. ఈ మందు వాడిన పశువు మరణించిన తరువాత ఆ కళేబరాన్ని తిన్న రాబందులకు మూత్రపిండాలు పాడై మరణం సంభవిస్తుంది. 2006లో భారత ప్రభుత్వం పశువైద్యంలో డైక్లోఫెనాక్ వాడకాన్ని నిషేధించినది. మనుషులకై తయారైన పెద్ద సీసాలను పశువులకు వాడుతున్నందున 2015లో సీసా పరిమాణాన్ని 3 మిల్లీలీటర్లకు పరిమితం చేశారు. రాబందులకు హాని చేసే కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ అనే మందులను కూడా 2023లో పశువైద్యం నుండి నిషేధించారు. బర్డ్‌లైఫ్ భారత, బ్రిటను భాగస్వాముల సహకారంతో హర్యానాలోని పింజోర్‌లో రాబందుల సంతానోత్పత్తి కేంద్రం ఏర్పడినది.

ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలతో సంబంధం

సలీం అలీ 1931-32లో హైదరాబాదు సంస్థానంలో పక్షుల సర్వే చేశాడు. తెలుగు ప్రాంతాలలో శాస్త్రీయమైన పక్షి పరిశీలనకు ఇది ముఖ్యమైన మైలురాయి. ప్రస్తుతం ముఖ్య పక్షి ప్రాంతాలుగా గుర్తింపు పొందిన వాటిలో కొల్లేరు, పులికాట్, నేలపట్టు, రోళ్ళపాడు, శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం, తెలంగాణలోని మంజీర ఉన్నాయి. కొల్లేరు సరస్సు 2002లో రాంసార్ జాబితాలో చేరినది. కొల్లేరు, నేలపట్టులలో గూడబాతులు గూళ్ళు కట్టుకుంటాయి.

ప్రపంచ పక్షి శాస్త్రజ్ఞుల దృష్టిని కడప జిల్లా వైపు మరల్చిన పక్షి కలివికోడి. 1900 తరువాత ఎవరికీ కనిపించక, అంతరించినదని భావించబడిన ఈ పక్షిని 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ స్థానికుల సహాయంతో లంకమల అడవుల వద్ద తిరిగి కనుగొన్నాడు. 1988లో అక్కడ శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడినది. పగలు పొదల మాటున దాగి, రాత్రి సంచరించే ఈ పక్షిని లెక్కించడం బహు కష్టం. అందువలన 2000 తరువాతి సంవత్సరాలలో భారత, బ్రిటను పరిశోధకులు పొదల మధ్య మెత్తని మట్టిని పట్టీలుగా పరచి, దానిపై పడిన కాలి ముద్రలను బట్టి పక్షి ఉనికిని గుర్తించే పద్ధతిని రూపొందించారు. ఈ పరిశోధనల వలన తెలుగు గంగ కాలువ మార్గం ఈ పక్షి ఆవాసానికి హాని కలిగిస్తుందని తెలిసి, ఆ మార్గాన్ని మార్చారు. 2021 డిసెంబరులో బర్డ్‌లైఫ్ మరి రెండు సంస్థలతో కలిసి, చాలాకాలంగా కనిపించని పక్షులను వెదికే కార్యక్రమాన్ని ప్రారంభించినపుడు, మొదటి పది పక్షులలో కలివికోడి కూడా ఉన్నది.

కొత్త నాయకత్వం ముందున్న సవాళ్ళు

హార్పర్ బాధ్యతలు స్వీకరించే నాటికి 2022 నాటి ప్రపంచ పక్షుల స్థితి నివేదిక సిద్ధంగా ఉన్నది. దాని ప్రకారం పక్షి జాతులలో 49 శాతం తగ్గుతున్నాయి. ప్రతి ఎనిమిది జాతులలో ఒకటి అంతరించే ప్రమాదంలో ఉన్నది. 2025 అక్టోబరులో వెలువడిన రెడ్ లిస్టు ప్రకారం 11,185 జాతులలో 1,256 జాతులు ప్రమాదంలో ఉన్నాయి. తగ్గుతున్న జాతులు 61 శాతానికి చేరాయి. 2016లో ఇవి 44 శాతం మాత్రమే. సన్నముక్కు కర్లూ అనే వలస పక్షి అంతరించిపోయినట్లు అదే జాబితాలో ప్రకటించారు.

వలస పక్షుల స్థితి మరింత ఆందోళన కలిగించే విషయం. 2024 అక్టోబరులో 16 తీరపక్షి జాతులను మునుపటి కంటే ఎక్కువ ప్రమాదం గల వర్గాలలోకి మార్చారు. వీటిలో కర్లూ శాండ్‌పైపర్ అనే చిన్న పక్షి కూడా ఒకటి. సైబీరియాలో గూడు కట్టుకునే ఈ పక్షి శీతాకాలంలో పులికాట్ వంటి తీర జలాలకు వస్తుంది. దారిలోని చిత్తడి నేలలలో ఏ ఒక్కటి నశించినా దాని ప్రయాణం భంగమవుతుంది. 1922లో సంస్థ స్థాపనకు కారణమైన సమస్యయే ఇప్పటికీ మరొక రూపంలో నిలిచి ఉన్నదని దీనివలన తెలుస్తుంది.

పక్షుల వర్గీకరణ మరొక సమస్య. ఒకే పక్షిని ఒక జాబితా ఒక జాతిగా, మరొక జాబితా రెండు జాతులుగా చూపితే, ప్రమాదంలో ఉన్న జాతుల సంఖ్య కూడా మారుతుంది. ఈ తేడాలను తొలగించేందుకు బర్డ్‌లైఫ్‌తో సహా పలు సంస్థలు కలిసి 2025 జూన్‌లో ఏవిలిస్ట్ అనే ఉమ్మడి జాబితాను వెలువరించాయి. దీనిలో 11,131 జాతులు ఉన్నాయి.

ఈ సవాళ్ళ మధ్య ఆశ కలిగించే అంశాలు కూడా లేకపోలేదు. 1993 తరువాత సంరక్షణ చర్యల వలన 21 నుండి 32 వరకు పక్షి జాతులు అంతరించిపోకుండా నిలిచాయని 2020లో ప్రచురితమైన పరిశోధన తెలిపినది. కజిన్ దీవిలో గాని, నమీబియా సముద్రంలో గాని, లంకమల అడవులలో గాని జరిగిన పనిని గమనిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. ముందు ఓపికగా లెక్కించినవారు ఉన్నారు. ఆ లెక్కను నమ్మి నిర్ణయం తీసుకున్నవారు తరువాత వచ్చారు. ఈ రెండింటి మధ్య కాలవ్యవధిని తగ్గించడమే సంస్థ నాయకత్వం ముందున్న ప్రధాన కర్తవ్యం. రాబందుల విషయంలో ఆ వ్యవధి పది సంవత్సరాలకు పైగా సాగినది. ఆలోగా కోట్లాది రాబందులు నశించాయి.

ఇవి కూడా చూడండి

* కలివికోడి
* రాబందు
* సలీం అలీ
* కొల్లేరు సరస్సు
* పులికాట్ సరస్సు
* వలస పక్షులు